గోల్డ్ అవార్డ్ ప్రాజెక్ట్‌లో మూలకారణం వెతకడం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికాలోని గర్ల్ స్కౌట్స్ సంస్థలో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివే అమ్మాయిలు సాధించగల అత్యున్నత పురస్కారం గోల్డ్ అవార్డ్. జూలియెట్ గోర్డన్ లో (Low) అనే మహిళ 1912లో జార్జియా రాష్ట్రంలోని సవానాలో ఈ సంస్థను ప్రారంభించారు. 1916 నాటికే ఒక అత్యున్నత పురస్కారం ఏర్పడింది. కాలక్రమంలో దాని పేరు పలుమార్లు మారి, 1980 నుంచి గోల్డ్ అవార్డ్‌గా స్థిరపడింది. మా కౌన్సిల్‌లో (సంస్థ ప్రాంతీయ విభాగంలో) ఈ అవార్డ్‌కు పూనుకునే అమ్మాయిలకు నేను మెంటర్‌గా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో తెలుగు కుటుంబాల పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. వారి తల్లిదండ్రులకు ఈ అవార్డ్ ఏమి అడుగుతుందో ముందుగా తెలిస్తే పిల్లలకు చాలా శ్రమ తప్పుతుందన్న ఉద్దేశంతో ఈ కేసును వివరంగా నమోదు చేస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలను తీసివేశాను, కొన్నింటిని మార్చాను.

అర్హత నియమాలు కష్టమైనవి కావు. మిడిల్ స్కూల్ దశలో సిల్వర్ అవార్డ్ పొందిన అమ్మాయి పై స్థాయిలో ఒక జర్నీ (ఒక అంశంపై దశలవారీగా సాగే గర్ల్ స్కౌట్ కార్యక్రమం) పూర్తి చేస్తే చాలు. సిల్వర్ లేనివారు రెండు జర్నీలు పూర్తి చేయాలి. ఆ తర్వాత కనీసం 80 గంటలు పట్టే ప్రాజెక్ట్ చేయాలని సంస్థ సూచిస్తుంది. అసలు కష్టం ప్రపోజల్ దగ్గర మొదలవుతుంది. అమ్మాయి ఎంచుకున్న సమస్యకు మూలకారణం ఏమిటో చెప్పాలి. ఫలితాన్ని ఎలా కొలుస్తుందో, తాను కాలేజీకి వెళ్లిపోయాక ఆ పనిని ఎవరు కొనసాగిస్తారో, తన ఊరి సమస్యకు దేశంతోనో ప్రపంచంతోనో ఉన్న సంబంధం ఏమిటో కూడా చూపాలి. అన్నిటికీ మించి, నాయకత్వం ఆమెదై ఉండాలి.

ఈ కేసులోని అమ్మాయి నా దగ్గరికి వచ్చినప్పుడు పదో తరగతిలో ఉంది. సిల్వర్ అవార్డ్ ఉంది, జర్నీ కూడా పూర్తయింది. చదువులో చురుకైనది, మాట ఇస్తే నిలబెట్టుకునేది. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. ఇంట్లో తల్లిదండ్రులు, తమ్ముడు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ ఉన్నారు.

తెచ్చిన ఆలోచన, తిరిగివచ్చిన ప్రపోజల్

ఆమె మొదట తెచ్చిన ఆలోచన తెలుగు కుటుంబాల నుంచి నేను తరచుగా వినేదే. ఆంధ్రలో తాతగారి ఊరి బడికి పుస్తకాలు సేకరించి పంపాలి, వీలైతే విరాళాలతో ఒక గది కట్టించాలి. ఉద్దేశంలో లోపం లేదు. పుట్టిన ఊరికి ఏదైనా చేయాలన్న తండ్రి తపన ఆ కాగితంలో స్పష్టంగా కనిపించింది.

ప్రపోజల్‌లను పరిశీలించే మా కౌన్సిల్ కమిటీ దాన్ని తిప్పి పంపింది. వస్తువులు సేకరించి ఇవ్వడం ఒక్కటే గోల్డ్ అవార్డ్ ప్రాజెక్ట్ కాలేదు, ఎందుకంటే పుస్తకాలు ఎందుకు లేవన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. గర్ల్ స్కౌట్ హోదాలో మరొక సంస్థ కోసం డబ్బు వసూలు చేయడం నియమాలకు విరుద్ధం. పైగా ఆ బడిని ఆమె చిన్నప్పుడు ఒక్కసారి చూసింది. అక్కడి ఉపాధ్యాయులతో మాట్లాడలేదు, పిల్లలకు ఏ పుస్తకాలు కావాలో అడగలేదు.

కుటుంబానికి ఇది అవమానంగా తోచింది. "మన దేశపు పిల్లలంటే వాళ్లకు లెక్క లేదండీ" అని తల్లి ఫోన్‌లో బాధపడ్డారు. విదేశంలో చేసే ప్రాజెక్టులకు అనుమతి లేకపోలేదని, సమస్య ఎక్కడున్నా దాన్ని దగ్గరగా పరిశోధించి ఉండాలన్నదే షరతని ఆమెకు వివరించాను. ఆ సంభాషణలోనే నాకు రెండో విషయం అర్థమైంది. అప్పటిదాకా నాకూ కమిటీకీ వచ్చిన ఈమెయిళ్లు కూతురి పేరుతో తల్లి రాసినవే.

దిద్దుబాటు ప్రయత్నాలు

అమ్మాయి వెంటనే ప్రపోజల్‌ను సరిచేసే పనిలో పడింది. పుస్తకాల స్థానంలో ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టింది. ఆ ఊరి సాయంత్రం మనకు తెల్లవారుజాము అవుతుందని, బడిలో ఇంటర్నెట్ ఎలా ఉందో ఎవరికీ తెలియదని తేలాక దాన్ని వదిలేసింది. ఆ తర్వాత చదువుకు ఉపయోగపడే మొబైల్ యాప్ అన్నది. ఎవరి కోసమని అడిగితే స్పష్టమైన జవాబు రాలేదు. ఈ ప్రయత్నాలన్నిటిలోనూ పరిష్కారం ముందు పుట్టి, సమస్యను దానికి తగినట్టు తరువాత వెతకడం జరుగుతోంది.

ఈ దశలో మెంటర్‌గా నా ముందు రెండు దారులు ఉన్నాయి. కమిటీ దేన్ని ఆమోదిస్తుందో నాకు తెలుసు కాబట్టి పనికొచ్చే అంశం ఒకటి నేనే సూచించవచ్చు. పదకొండో తరగతి దగ్గరపడుతోంది, కాలేజీ దరఖాస్తుల ఒత్తిడి మొదలవుతుంది, హైస్కూల్ పూర్తయిన ఏడాది సెప్టెంబర్ 30 లోపు అంతా ముగియాలి. అందువల్ల ఆ దారి దయగా కూడా కనిపిస్తుంది. అయినా నేను ఆ దారి పట్టలేదు. అరువు తెచ్చుకున్న అంశంతో మొదలైన అమ్మాయి మొదటి అడ్డంకి దగ్గర ఏం చేయాలో మళ్లీ మెంటర్‌నే అడుగుతుంది, అక్కడి నుంచి ప్రాజెక్ట్ మెంటర్‌దైపోతుంది. అందుకే ప్రపోజల్‌ను పూర్తిగా పక్కన పెట్టమని, కొన్ని వారాలపాటు ఒక నోట్‌బుక్‌లో తన కంటపడిన ఇబ్బందులను మాత్రమే రాయమని, పరిష్కారం ఒక్కటి కూడా రాయవద్దని చెప్పాను.

తల్లి విషయంలోనూ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. "దానికి అంత మర్యాదగా రాయడం రాదండీ, నేను రాస్తే తప్పేముంది?" అని ఆమె అడిగారు. చివరి ఇంటర్వ్యూలో కమిటీ ముందు కూతురు ఒక్కతే కూర్చోవాలని, ఆ ఉత్తరాలు తాను రాయనివైతే వాటి గురించి వచ్చే ప్రశ్నలకు తడబడుతుందని చెప్పాను. నియమం ఉటంకించడం కన్నా ఈ మాట ఆమెకు బాగా పట్టింది. అప్పటి నుంచి ఉత్తరాలు ఆలస్యంగా, తప్పులతో, అమ్మాయి నుంచే వచ్చాయి. గుడి కమిటీ సభ్యులొకరు ఎన్ని ఈమెయిళ్లకూ జవాబివ్వకపోతే, నేరుగా వెళ్లి అడగాలని ఆమెకు తట్టింది. తల్లి రాస్తూ ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు.

ప్రశ్న దొరికిన తీరు

నోట్‌బుక్‌లో చాలా విషయాలున్నాయి: బస్ స్టాప్ దగ్గర నీడ లేకపోవడం, క్యాంటీన్‌లో పారేసే ఆహారం, తమ్ముడి నిద్ర. మధ్యలో నాలుగు వాక్యాలు అమ్మమ్మ గురించి. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడకు కళ్లు తిరిగాయి. కూతురికి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉండి తీయలేదు. ఆవిడ సోఫాలో పడుకుని, పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఆగారు. అదృష్టవశాత్తూ ప్రమాదం జరగలేదు.

ఆ పేజీని నేను ప్రత్యేకంగా ఎత్తిచూపలేదు. రాసినవాటిలో నీకు ఇప్పటికీ అర్థం కానిది ఏదని మాత్రం అడిగాను. ఆమె చాలాసేపు పేజీలు తిప్పి, "అమ్మమ్మ 911కి ఎందుకు చెయ్యలేదో నాకు తెలీదు ఆంటీ" అన్నది. 911 అంటే అమెరికాలో పోలీసు, ఆంబులెన్స్, అగ్నిమాపక సేవలన్నిటికీ ఉన్న ఒకే అత్యవసర నంబర్. అమ్మాయి వేసిన ఆ ప్రశ్నతో ప్రాజెక్ట్ మొదలైంది.

ఆమె ముందుగా తన జవాబు తాను చెప్పుకుంది: అమ్మమ్మకు ఇంగ్లిష్ రాదు. అది నిజమో కాదో తేల్చడానికి గుడిలోనూ పార్కులోనూ పెద్దవాళ్లతో మాట్లాడింది. పక్కన ఇద్దరు పెద్దలు ఉండాలన్న భద్రతా నియమం ప్రతిసారీ పాటించింది. మా ప్రాంతపు అత్యవసర కాల్ సెంటర్‌లో పనిచేసిన అనుభవమున్న ఒకరు ప్రాజెక్ట్ అడ్వైజర్‌గా ఉండటానికి ఒప్పుకున్నారు. అడ్వైజర్ తల్లిదండ్రులో ట్రూప్ (అమ్మాయి ఉండే గర్ల్ స్కౌట్ బృందం) లీడరో కాకుండా ఆ విషయం తెలిసిన వ్యక్తి అయి ఉండాలన్న నియమం ఎంత విలువైనదో ఈ కేసులో స్పష్టంగా చూశాను. కాల్ సెంటర్ ఫోన్‌లోనే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను కలపగలదని, "తెలుగు" అన్న ఒక్క మాట స్పష్టంగా చెప్పి లైన్‌లో ఉంటే చాలని వారి ద్వారానే తెలిసింది. జాతీయ మూలం ఆధారంగా వివక్షను నిషేధించే 1964 పౌర హక్కుల చట్టం ఇలాంటి భాషా సేవలకు ఆధారమని కూడా ఆమె తెలుసుకుంది.

పెద్దవాళ్ల మాటల్లో ఆమె ఊహించనివి కూడా బయటపడ్డాయి. మన దగ్గర పోలీసుకు 100, ఆంబులెన్స్‌కు 108 వేరువేరుగా అలవాటైనవారికి 911 అంటే పోలీసు నంబర్ మాత్రమే. 2005 నుంచి 108కి ఫోన్ చేస్తే తెలుగులోనే పలుకుతారు. ఇక్కడ అలాంటి అవకాశం ఉంటుందని వారికి తోచలేదు. చాలామంది ఊరి నుంచి తెచ్చుకున్న ఫోన్‌ను వైఫై మీద వాడుతూ వాట్సాప్‌లోనే మాట్లాడతారు. వాట్సాప్ నుంచి 911కి కాల్ వెళ్లదు. ఇక్కడి సర్వీస్ లేని సెల్‌ఫోన్ నుంచి మామూలు డయలర్‌లో 911 నొక్కితే కాల్ వెళుతుంది కానీ, మధ్యలో తెగిపోతే కాల్ సెంటర్ వారు ఆ ఫోన్‌కు తిరిగి చేయలేరు. ఈ వివరాలతో రాసిన ప్రపోజల్ కొన్ని ప్రశ్నల తర్వాత ఆమోదం పొందింది.

మొదటి శిక్షణ ఎందుకు సరిపోలేదు

మొదటి కార్యక్రమం గుడి హాలులో జరిగింది. స్లైడ్లు శ్రద్ధగా చేసింది, పెద్దవాళ్లు ఓపికగా విని మెచ్చుకున్నారు. తరువాత అడ్వైజర్ సలహాపై ఒక్కొక్కరి చేత ఉత్తుత్తి కాల్ చేయించింది. నిజమైన 911కి పరీక్ష కోసం కాల్ చేయకూడదు కాబట్టి ఆమే కాల్ సెంటర్ ఉద్యోగిగా నటించింది. దాదాపు ఎవరూ చేయలేకపోయారు. కొందరు వాట్సాప్ తెరిచి 911 కోసం వెతికారు. చిరునామా ఎవరికీ పూర్తిగా రాదు. "తెలుగు" అన్నవారు కూడా ఇంటర్‌ప్రెటర్ కోసం ఆగే ఆ నిశ్శబ్దాన్ని లైన్ తెగిపోవడంగా భావించి పెట్టేశారు. కాల్ సెంటర్ తిరిగి చేస్తే తీస్తారా అంటే, తెలియని నంబర్ తీయవద్దని పిల్లలు గట్టిగా చెప్పారని, మోసగాళ్ల బెడద గురించి హెచ్చరించారని అన్నారు.

కాల్ చేసేటప్పుడు చూసి చదవడానికి ఆమె తయారుచేసిన కార్డు కూడా పనిచేయలేదు. ఇంటర్నెట్‌లో అనువదించిన గ్రాంథిక వాక్యాలు, సన్నని అక్షరాలు, కింద ఇంగ్లిష్‌లో చిరునామా. అమ్మమ్మ దాన్ని చూసి, "ఇదెవరి తెలుగే తల్లీ?" అన్నారట.

ఆమె స్లైడ్లను పూర్తిగా వదిలేసి, సమయమంతా అభ్యాసానికే కేటాయించింది. చిరునామాను తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాయించింది. వీధి పేరు ఇంగ్లిష్‌దే అయినా తెలుగు అక్షరాల్లో ఉంటే పెద్దవాళ్లు చూసి గట్టిగా చదవగలరు. ఇది అమ్మమ్మ ఆలోచన; కార్డులపై తొలి అక్షరాలు ఆవిడవే. అక్షరాలు రాని ఒకరిద్దరి కోసం ఇంటి నంబర్, వీధి పేరు పాటలా వల్లె వేయించారు. ఇంటర్‌ప్రెటర్ కోసం ఆగే నిశ్శబ్దాన్ని అభ్యాసంలో కావాలనే పొడిగించారు. మందులు, జబ్బుల వివరాల కోసం కార్డుపై ఖాళీ వదిలి, ఇంట్లో కుటుంబమే నింపుకుని ఫ్రిజ్‌పై అంటించుకోవాలని చెప్పింది. ఆ వివరాలను తానే సేకరించి ముద్రించాలన్నది ఆమె మొదటి ఆలోచన; ఇతరుల ఆరోగ్య సమాచారం ఒక విద్యార్థిని దగ్గర ఉండటం తగదని మేమిద్దరం మాట్లాడుకున్నాక మానుకుంది.

ప్రతివారినీ నాలుగు విషయాల్లో, అభ్యాసానికి ముందూ తర్వాతా పరీక్షించింది: డయలర్ తెరవడం, భాష పేరు చెప్పడం, చిరునామా చెప్పడం, లైన్‌లో ఆగడం. ఫలితాలు చాలా మెరుగుపడ్డాయి. ఇక్కడే ఆపి నివేదిక రాసి ఉన్నా అవార్డ్ వచ్చేదని నా నమ్మకం. కానీ కొన్ని వారాల తర్వాత ఆమె పెద్దవాళ్లకు ఫోన్ చేసి, పరీక్షలో లేని ఒక ప్రశ్న అడిగింది: "నిజంగా ఛాతీలో నొప్పి వస్తే ముందు ఎవరికి చేస్తారు?" ఎక్కువమంది చెప్పిన జవాబు ఒక్కటే: "ముందు మా అబ్బాయిని అడుగుతానమ్మా."

మూలకారణం

ఈ కేసులో అందరూ ఆగి చూడవలసింది ఈ జవాబు దగ్గరే. నాలుగూ చేతనైనవారు కూడా కాల్ చేయబోవడం లేదు. ఆమె మళ్లీ వెళ్లి ఎందుకని అడిగింది. ఆంబులెన్స్ బిల్లు ఎంతవుతుందో, విజిటర్ ఇన్సూరెన్స్ ఎంత భరిస్తుందో తెలియదు. ఇంటి ముందు సైరన్ మోగితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనన్న జంకు ఉంది. అన్నిటికన్నా పైన, కొడుకు ఇంట్లో ఉంటూ అతన్ని అడగకుండా ఖర్చు తెచ్చిపెట్టడం తగదన్న సంస్కారం ఉంది. తమ ఊళ్లో, తమ ఇంట్లో నిర్ణయాలు తీసుకున్న మనుషులే ఇక్కడ తాము అతిథులమన్న భావనతో ఉన్నారు. భాష రాకపోవడం పైకి కనిపించిన కారణం. దాని కింద అనుమతి కోసం ఎదురుచూపు ఉంది.

అప్పుడామె కార్యక్రమం రూపమే మార్చింది. పెద్దవాళ్లతో పాటు వారి కొడుకో కూతురో అల్లుడో కోడలో తప్పనిసరిగా రావాలని షరతు పెట్టింది. పనిరోజుల్లో సాధ్యం కాదని కొందరు గొణిగినా శనివారాలకు మార్చి షరతును మాత్రం సడలించలేదు. అభ్యాసం ముగిశాక పిల్లలు తల్లిదండ్రుల ఎదుట కూర్చుని, తమను అడగనవసరం లేదని స్వయంగా చెప్పాలి. ఆ మాటనే కార్డు మొదటి పంక్తిగా తమ చేతిరాతతో రాయాలి. "అమ్మా, నన్ను అడగక్కర్లేదు, ముందు 911కి చెయ్యి, డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అని ఒకరు రాశారు. కొందరు అక్కడే ఇన్సూరెన్స్ పాలసీ తెరిచి ఏది వర్తిస్తుందో తల్లిదండ్రులకు మొదటిసారి చదివి చెప్పారు. కాల్ సెంటర్ తిరిగి చేస్తే తీయాలని, దానికి మాత్రం మినహాయింపని కూడా వారి నోటితోనే చెప్పించారు. పదహారేళ్ల పిల్ల ఎంత చెప్పినా రాని ధైర్యం కొడుకు ఒక్క మాటతో వచ్చింది. తదుపరి ఫోన్ పలకరింపుల్లో జవాబులు మారాయి.

కొనసాగింపు, ఆమోదం

కొనసాగింపు కోసం ఆమె గుడిని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. గుడికి రాని తెలుగువారూ ఉన్నారు. పబ్లిక్ లైబ్రరీ పెద్దల కార్యక్రమాల్లో ఈ శిక్షణను చేర్చడానికి ఒప్పుకుని లిఖితపూర్వకంగా తెలిపింది. కార్డు నమూనాను ఆమె ఇతర భాషల వారు తమ లిపిలో నింపుకునేలా ఖాళీగా ఇచ్చింది. దేశంతో సంబంధం చూపవలసిన చోట, 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారన్న జనగణన సమాచార విశ్లేషణను ప్రస్తావించి, ఎదిగిన పిల్లల ఇళ్లకు వచ్చి ఉండే పెద్దవాళ్లు ఉన్న ప్రతి భాషా సమూహానికీ ఈ ప్రశ్న వర్తిస్తుందని వాదించింది. ఖర్చు ముద్రణకు మాత్రమే, అది ట్రూప్ అమ్మాయిలు కుకీలు (బిస్కెట్లు) అమ్మగా వచ్చిన ఆదాయంలో సరిపోయింది. చివరి ఇంటర్వ్యూలో కమిటీ ఎక్కువసేపు అడిగింది ఆ ఫోన్ పలకరింపుల గురించే. అవార్డ్ వచ్చింది.

పాఠాలు

తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది గంటల లెక్క గురించి. 80 గంటలు ఎలా నింపాలన్న ఆందోళన అనవసరం. ఈ అమ్మాయి పరిశోధనకు పెట్టిన సమయమే అందులో పెద్ద భాగం, దాన్ని వృథా అనుకున్న దశ ఇంట్లో ఉండేది. నోట్‌బుక్ దశను ఎవరూ తగ్గించకూడదు.

మెంటర్లకు చెప్పదలచింది కొలత గురించి. కొలవడానికి తేలికైనది మనం కోరిన మార్పు కాకపోవచ్చు. ఇక్కడ నాలుగు నైపుణ్యాల పరీక్ష నిజాయితీగా జరిగింది, ఫలితాలు నిజమైనవి, అయినా అసలు ప్రశ్నకు అవి జవాబు కాదు. ఆచరణలో ఏం చేస్తారని కొంతకాలం ఆగి అడిగే అంశాన్ని ఇప్పుడు నేను చూసే ప్రతి ప్రపోజల్‌లోనూ ఉండాలని కోరుతున్నాను. అమ్మాయి తానే ఆ ప్రశ్న వేయడానికి కారణం, నా అభిప్రాయంలో, సమస్య ఆమె ఇంటిది కావడం. అమ్మమ్మ నిజంగా ఫోన్ చేస్తారా లేదా అన్నది ఆమెకు నివేదిక కన్నా ముఖ్యం.

తాతగారి ఊరి బడి ఆలోచన గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాన్ని కుటుంబం వదులుకోలేదు. గర్ల్ స్కౌట్స్‌తో సంబంధం లేకుండా తండ్రి తన స్నేహితులతో కలిసి ఆ పని చేస్తున్నారు, అది అలా జరగడమే సరైనది.

పరిష్కారం కానిది ఒకటి మిగిలింది, ఆమె దాన్ని తన నివేదికలోనే రాసింది. శనివారం లైబ్రరీకి తీసుకువచ్చే పిల్లలున్న పెద్దవాళ్లకే ఈ శిక్షణ అందింది. భార్యాభర్తలిద్దరూ షిఫ్టుల్లో పనిచేసే ఇళ్లలో, మనవళ్లను చూసుకుంటూ గడప దాటని అమ్మమ్మలకు ఇది ఇంకా చేరలేదు. పిల్లల డాక్టర్ క్లినిక్‌ల ద్వారా చేరవచ్చునేమోనని లైబ్రరీ వారు ఇప్పుడు ప్రయత్నిస్తున్నారు.